ప్రయోగ ఫలితాలను బహుపరిమాణ డేటాబేస్‌లో చేర్చడం: క్యూబ్‌లోకి రాసే కాంపొనెంట్ అమరికలో పాటించవలసిన సూత్రాలు

ఒక కొత్త వరి రకం రైతు పొలానికి చేరేలోపు పరిశోధన స్థానాల్లోని ప్రయోగాలు, వివిధ మండలాల్లోని చిరుసంచుల ప్రదర్శనలు, కృషి విజ్ఞాన కేంద్రాల క్షేత్ర పరీక్షలు దాటి రావాలి. ఒక్కొక్క దశలో వచ్చే ఫలితాలు వేర్వేరు ఎక్సెల్ షీట్లలో, వేర్వేరు పద్ధతుల్లో నమోదవుతాయి. వీటన్నింటినీ ఒకచోట చేర్చి, రకం వారీగా, ప్రదేశం వారీగా, కాలం వారీగా వెంటనే చూడగల సాధనం బహుపరిమాణ డేటాబేస్. ఆ డేటాబేస్‌లోని క్యూబ్‌లోకి ఫలితాలను రాసే కాంపొనెంట్‌ను ఎలా అమర్చాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ అమరికను కంప్యూటర్ విభాగం పనిగా భావించి శాస్త్రవేత్తలు పక్కకు తప్పుకోవడం సాధారణం. అది సరికాదు. కాంపొనెంట్‌లోని ఒక్కొక్క గుర్తు దిగుబడి సగటును మార్చగలదు. సగటు మారితే రకాల వరుస మారుతుంది. వరుస మారితే రైతుకు చేసే సిఫారసు మారుతుంది. పైగా ఇక్కడ జరిగే పొరపాట్లలో చాలావాటికి కంప్యూటర్ ఎలాంటి హెచ్చరికా ఇవ్వదు.

క్యూబ్ నిర్మాణం

సాధారణ పట్టికలో అడ్డువరుస, నిలువువరుస అనే రెండు దిశలే ఉంటాయి. క్యూబ్‌లో అనేక దిశలు ఉండవచ్చు. ఒక్కొక్క దిశను డైమెన్షన్ అంటారు. డైమెన్షన్‌లోని ఒక్కొక్క సభ్యుణ్ణి ఎలిమెంట్ అంటారు. మన అవసరానికి రకం, ప్రదేశం, రుతువు, పునరావృతం, కొలత అనే ఐదు డైమెన్షన్లు చాలు. 20 రకాలు, 10 ప్రదేశాలు, 6 రుతువులు, 3 పునరావృతాలు, 4 కొలతలు ఉన్న క్యూబ్‌లో మూల స్థాయిలోనే 14,400 గడులు ఉంటాయి. ప్రతి గడికి ఐదు ఎలిమెంట్ల పేర్లే చిరునామా.

ఎలిమెంట్లు రెండు విధాలు. ఒక మండలం, ఒక రకం వంటివి మూల ఎలిమెంట్లు. జిల్లా, రాష్ట్రం, అన్ని రుతువులు వంటివి సంకలిత ఎలిమెంట్లు. సంకలిత ఎలిమెంట్‌లో విలువ నిల్వ ఉండదు. కింద ఉన్న ఎలిమెంట్ల విలువలను వాటి భారాలతో గుణించి, కూడి చూపుతారు. వేరుగా చెప్పకపోతే ఆ భారం 1. అంటే క్యూబ్ సహజ గుణం కూడిక. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే మిగిలిన సూత్రాలన్నీ సులభంగా బోధపడతాయి.

ఈ వ్యాసంలో నమూనాగా పాలో సర్వర్‌ను, టాలెండ్ ఓపెన్ స్టూడియోను తీసుకోవడమైనది. పాలోను జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరానికి చెందిన జెడాక్స్ సంస్థ రూపొందించింది. ఇది విలువలను కంప్యూటర్ మెమరీలో ఉంచి లెక్కించే సర్వర్. టాలెండ్ ఓపెన్ స్టూడియో ఉచిత రూపం 2024 జనవరి 31తో నిలిచిపోయింది. అయినా ఇప్పటికే దాన్ని స్థాపించుకున్నచోట పని సాగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇందులోని ప్రతి అమరికకూ ఇతర సాఫ్ట్‌వేర్లలో సమానమైనది ఉన్నందున విషయాన్ని నేర్చుకోవడానికి ఇది తగిన నమూనా.

ఏ కొలతను రాయాలి?

కాంపొనెంట్‌ను తెరిచే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. మనం అలవాటుగా హెక్టారుకు కిలోల దిగుబడిని నమోదు చేస్తాం. అయితే హెక్టారు దిగుబడి కూడదగిన రాశి కాదు. క్యూబ్ మాత్రం దాన్ని కూడుతుంది.

వివరణ కోసం ఊహించిన ఒక ఉదాహరణను చూద్దాం. ఒకే రకం రెండు ప్రదేశాల్లో సాగైంది. మొదటి ప్రదేశంలో 20 చదరపు మీటర్ల నికర మళ్లు మూడు. వాటి ధాన్యం బరువు 12, 11, 13 కిలోలు. రెండవ ప్రదేశంలో 40 చదరపు మీటర్ల మళ్లు రెండు. బరువు 16, 20 కిలోలు. హెక్టారుకు మార్చితే ఈ ఐదు మళ్ల దిగుబడి వరుసగా 6000, 5500, 6500, 4000, 5000 కిలోలు. వీటిని అలాగే క్యూబ్‌లో రాస్తే, పై స్థాయిలో కనిపించే సంఖ్య 27,000. ఇది అసంభవమని ఎవరైనా పసిగడతారు. కానీ సగటు ఎంత అని అడిగితే మూడు జవాబులు వస్తాయి. మళ్ల సాధారణ సగటు 5400. రెండు ప్రదేశాల సగటులైన 6000, 4500లకు మళ్లీ సగటు తీస్తే 5250. మొత్తం ధాన్యం 72 కిలోలను మొత్తం విస్తీర్ణం 140 చదరపు మీటర్లతో భాగించి హెక్టారుకు మార్చితే సుమారు 5143.

ఈ మూడూ లెక్కగా సరైనవే; ప్రశ్నలు వేరు. రైతు పొలాల్లోని ప్రదర్శనల మొత్తం ఉత్పాదకత కావాలంటే విస్తీర్ణం ఆధారమైన 5143 తగినది. ప్రతి ప్రదేశానికీ సమాన ప్రాధాన్యం ఇవ్వాలంటే 5250. ఏ సగటును వాడుతున్నామో తెలియకుండా వాడటమే ప్రమాదం.

అందువల్ల క్యూబ్‌లో కూడదగిన రాశులనే నిల్వ చేయాలి. ధాన్యం బరువు, నికర విస్తీర్ణం, మళ్ల సంఖ్య, మడి దిగుబడుల మొత్తం అనే నాలుగు కొలతలు ఇందుకు సరిపోతాయి. మూల స్థాయిలో మళ్ల సంఖ్య ఎప్పుడూ 1. నాలుగవ కొలత పేరులో ‘మొత్తం’ అనే మాట తప్పక ఉండాలి. లేకపోతే పై స్థాయిలో కనిపించే 27,000ను చదివేవారు దిగుబడిగా భ్రమపడవచ్చు. ధాన్యం బరువును రాసే ముందే 14 శాతం తేమకు సవరించాలి. కోసిన బరువును 100లోంచి తేమ శాతం తీసివేయగా వచ్చినదానితో గుణించి 86తో భాగిస్తే సవరించిన బరువు వస్తుంది.

హెక్టారు దిగుబడిని క్యూబ్‌లో రాయకుండా, సూత్రంగా నిర్వచించాలి. పాలోలో ఆ సూత్రం ఇలా ఉంటుంది:

['హెక్టారు దిగుబడి'] = ['ధాన్యం బరువు'] / ['నికర విస్తీర్ణం'] * 10000

ఈ సూత్రం మూల గడులకూ సంకలిత గడులకూ వర్తిస్తుంది. సంకలిత స్థాయిలో ముందు బరువులు, విస్తీర్ణాలు కూడబడి ఆ తరువాత భాగహారం జరుగుతుంది కనుక జిల్లా స్థాయిలోనూ సరైన విలువే వస్తుంది. విస్తీర్ణం లేని గడుల్లో సున్నతో భాగహారం జరగకుండా సూత్రానికి ఒక షరతును కూడా చేర్చాలి. మడి దిగుబడుల మొత్తాన్ని మళ్ల సంఖ్యతో భాగించే రెండో సూత్రం సాధారణ సగటును ఇస్తుంది.

షీటును క్యూబ్‌కు అనువుగా మార్చడం

క్షేత్ర షీటులో ఒక మడికి ఒక అడ్డువరుస ఉంటుంది. అందులోనే బరువు, విస్తీర్ణం పక్కపక్కన ఉంటాయి. క్యూబ్‌కు ఒక విలువకు ఒక వరుస కావాలి. కాబట్టి ఒక్కొక్క మడి వరుసను నాలుగు వరుసలుగా విడగొట్టాలి. టాలెండ్‌లో టీ-స్ప్లిట్-రో అనే కాంపొనెంట్ ఈ పని చేస్తుంది. విడగొట్టిన తరువాత ప్రతి వరుసలోనూ రకం, ప్రదేశం, రుతువు, పునరావృతం, కొలత పేరు, చివరగా విలువ అనే ఆరు నిలువువరుసలు ఉంటాయి. అంతకుముందు దశలోనే, టీ-మ్యాప్ కాంపొనెంట్‌లో తేమ సవరణనూ మడి దిగుబడి లెక్కనూ పూర్తిచేయాలి.

ఖాళీకీ సున్నకూ ఉన్న తేడా ఇక్కడే కాపాడుకోవాలి. మొదటి ప్రదేశంలోని రెండవ మడిని పశువులు మేసి నమోదు సాధ్యం కాలేదనుకుందాం. ఆ గడి ఖాళీగా ఉండాలి. దాన్ని సున్నగా చదివి విస్తీర్ణాన్ని మాత్రం 20గా రాస్తే 25 కిలోలను 60 చదరపు మీటర్లతో భాగించినట్లవుతుంది. దిగుబడి 4167 కిలోలుగా తేలుతుంది. ఆ మడిని పూర్తిగా వదిలేస్తే 25 కిలోలను 40తో భాగించి 6250 వస్తుంది. హెక్టారుకు 5000 కిలోలిచ్చే మరో రకంతో పోల్చినప్పుడు, మొదటి పద్ధతిలో ఈ రకం ఓడుతుంది. రెండవ పద్ధతిలో గెలుస్తుంది.

దీనికి భిన్నంగా, ముంపు తట్టుకోలేక ఒక రకం నిజంగానే ఏమీ దిగుబడి ఇవ్వకపోతే అది కొలత లోపం కాదు, ఫలితం. అప్పుడు బరువు 0, విస్తీర్ణం 20, మళ్ల సంఖ్య 1 అని రాయాలి. అంటే నమోదు కాని మడికి నాలుగు కొలతల్లో ఏదీ రాయరాదు. దిగుబడి లేని మడికి నాలుగూ రాయాలి. పాలోలో ఖాళీ గడి నివేదికలో సున్నగానే కనిపించవచ్చు కాబట్టి, ఈ రెండు సందర్భాల మధ్య తేడాను తెలిపేది మళ్ల సంఖ్య అనే కొలతే. ఎస్‌బేస్ వంటి కొన్ని డేటాబేస్‌లు ఖాళీ గడిని ‘మిస్సింగ్’ అని వేరుగా చూపుతాయి. అక్కడ కూడా ఈ జాగ్రత్త వృథా కాదు. షీటును చదివే కాంపొనెంట్ స్కీమాలో బరువు నిలువువరుసను ఖాళీని అనుమతించేదిగా గుర్తించాలి. ఖాళీకి బదులుగా సున్నను డిఫాల్ట్ విలువగా ఇవ్వరాదు.

ఎలిమెంట్ల తనిఖీ

క్యూబ్‌లోని గడికి పేర్లే చిరునామా అని చెప్పుకున్నాం. ‘బీపీటీ 5204’, ‘బీపీటీ-5204’, ‘సాంబ మసూరి’ అనేవి మనకు ఒకే రకం. కంప్యూటర్‌కు మూడు వేర్వేరు ఎలిమెంట్లు. ‘ఎంటీయూ 7029’కు ‘స్వర్ణ’, ‘ఎంటీయూ 1010’కు ‘కాటన్‌దొర సన్నాలు’, ‘ఆర్ఎన్ఆర్ 15048’కు ‘తెలంగాణ సోనా’ అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. పేరు మధ్యలో ఒక ఖాళీ ఎక్కువైనా అది వేరే ఎలిమెంటే.

ఒక్కొక్క వరుసను రాసే టీ-పాలో-అవుట్‌పుట్ కాంపొనెంట్‌లో, ఎలిమెంట్ లేకపోతే దాన్ని సృష్టించే అవకాశం ఉంది. సౌకర్యంగా కనిపించినా రకం, ప్రదేశం డైమెన్షన్లకు దాన్ని వాడరాదు. కొత్తగా పుట్టిన ఎలిమెంట్‌ను మనమే ఏదైనా సంకలిత ఎలిమెంట్ కింద చేర్చాలి. చేర్చకపోతే ఆ విలువలు క్యూబ్‌లో ఉన్నా జిల్లా మొత్తాల్లో కనిపించవు.

దానికి బదులు టీ-పాలో-చెక్-ఎలిమెంట్స్ కాంపొనెంట్‌ను రాసే కాంపొనెంట్‌కు ముందు ఉంచాలి. వచ్చే ప్రతి వరుసలోని పేర్లు క్యూబ్‌లో ఉన్నాయో లేవో ఇది చూస్తుంది. లేని పేరు తగిలినప్పుడు ఏం చేయాలో మూడు ఎంపికలు ఉంటాయి: ఆ వరుసను తిరస్కరించడం, ముందుగా నిర్ణయించిన డిఫాల్ట్ ఎలిమెంట్‌కు విలువను మళ్లించడం, మొత్తం ప్రక్రియను ఆపివేయడం. పరిశోధన ఫలితాలకు మొదటిది తగినది. తిరస్కృత వరుసలు వేరే ఫైలులో చేరతాయి; వాటిని సంబంధిత శాస్త్రవేత్త పరిశీలించి, పేర్ల సమన్వయ పట్టికను సవరించి, మళ్లీ నడపాలి. రెండవ ఎంపికతో ఒక రకం దిగుబడి మరో పేరున చేరిపోతుంది. దాన్ని ఎన్నడూ వాడరాదు.

ప్రదేశం డైమెన్షన్‌కు మరో చిక్కు ఉంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ఆ సంఖ్య 33కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాను మూల ఎలిమెంట్‌గా ఉంచిన క్యూబ్‌లో పాత ఫలితాలకూ కొత్త ఫలితాలకూ పోలిక కుదరదు. అందుచేత మండలాన్ని, మండలాలు కూడా విడిపోయినచోట గ్రామాన్ని మూల ఎలిమెంట్‌గా ఉంచాలి. పాలోలో ఒక ఎలిమెంట్‌ను ఒకటికి మించిన సంకలిత ఎలిమెంట్ల కింద చేర్చవచ్చు కనుక పాత జిల్లాల శ్రేణిని, కొత్త జిల్లాల శ్రేణిని పక్కపక్కనే నిర్మించుకోవచ్చు. అయితే ఈ రెండు శ్రేణులనూ ఒకే శిఖరం కింద కలపరాదు. కలిపితే ప్రతి మండలం రెండుసార్లు లెక్కకు వస్తుంది.

రాసే కాంపొనెంట్ అమరిక

ఇప్పుడు టీ-పాలో-అవుట్‌పుట్-మల్టీ కాంపొనెంట్‌కు వద్దాం. సర్వర్ చిరునామా, పోర్టు, వాడుకరి పేరు, సంకేతపదం, డేటాబేస్ పేరు, క్యూబ్ పేరు ఇవ్వడం తేలిక. పాలో సర్వర్‌కు సాధారణంగా పోర్టు 7777. క్యూబ్ రకం దగ్గర ‘నార్మల్’ను ఎంచుకోవాలి, మిగిలినవి సర్వర్ తన సొంత అవసరాలకు వాడే క్యూబ్‌లు. స్కీమాలోని నిలువువరుసలు క్యూబ్‌లోని డైమెన్షన్ల క్రమంలోనే ఉండేలా చూసుకుని, విలువను చివర ఉంచి, దాన్నే కొలత విలువ ఉన్న నిలువువరుసగా చూపాలి. జాగ్రత్తగా ఆలోచించవలసిన అమరికలు మూడు.

మొదటిది ‘యాడ్ వాల్యూస్’. దీన్ని గుర్తిస్తే కొత్త విలువ గడిలో ఉన్న విలువకు కూడబడుతుంది. గుర్తించకపోతే పాత విలువ స్థానంలో కొత్తది నిలుస్తుంది. రెండింటిలోనూ ఒక్కొక్క ప్రమాదం ఉంది.

కూడే పద్ధతిలో అదే ఫైలును రెండోసారి నడిపితే బరువు 36 నుంచి 72 కిలోలు అవుతుంది. విస్తీర్ణం కూడా 60 నుంచి 120 అవుతుంది కనుక హెక్టారు దిగుబడి మాత్రం 6000గానే ఉంటుంది, తప్పు దాగిపోతుంది. కానీ ఇతర ప్రదేశాలతో కలిపినప్పుడు ఆ ప్రదేశానికి రెట్టింపు ప్రాధాన్యం వచ్చి సగటు పక్కకు జరుగుతుంది.

స్థానం మార్చే పద్ధతిలో ఒకే చిరునామాకు రెండు వరుసలు వస్తే చివరిది మాత్రమే మిగులుతుంది. పునరావృతం అనే డైమెన్షన్ లేని క్యూబ్‌లో 12, 11, 13 కిలోల మూడు వరుసలూ ఒకే గడికి చేరతాయి. చివరికి బరువు 13, విస్తీర్ణం 20, దిగుబడి 6500గా కనిపిస్తుంది. నమ్మదగిన సంఖ్యే, అయినా మూడు మళ్లలో రెండు మాయమయ్యాయి.

కాబట్టి స్థానం మార్చే పద్ధతినే ఎంచుకుని, ప్రతి మడికీ ప్రత్యేక చిరునామా ఉండేలా పునరావృతాన్ని డైమెన్షన్‌గా ఉంచాలి. అది సాధ్యం కాని క్యూబ్‌లో, రాయడానికి ముందే టీ-అగ్రిగేట్-రో కాంపొనెంట్‌తో ఒకే చిరునామాకు చెందిన విలువలను కూడాలి. అప్పుడు ప్రక్రియను ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. ఒక లోటు మిగులుతుంది: మూల షీటు నుంచి తొలగించిన మడి విలువ క్యూబ్‌లో అలాగే ఉండిపోతుంది. టీ-పాలో-క్యూబ్ కాంపొనెంట్‌తో క్యూబ్‌ను ఖాళీ చేయవచ్చు గాని, అది మొత్తం విలువలను తుడిచివేస్తుంది. అన్ని సంవత్సరాల మూల షీట్లూ చేతిలో ఉన్నప్పుడే ఆ పని చేయాలి.

రెండవది ‘స్ప్లాష్ మోడ్’. సంకలిత గడిలో విలువ రాస్తే దాన్ని కింది మూల గడులకు పంచడాన్ని స్ప్లాషింగ్ అంటారు. వ్యాపార సంస్థల్లో వార్షిక లక్ష్యాన్ని నెలలకు, శాఖలకు పంచడానికి ఇది ఎంతో ఉపయోగపడుతుంది. ప్రయోగ ఫలితాలకు మాత్రం పనికిరాదు. ఒక జిల్లా సంఖ్యను మండలాలకు పంచితే, ఎవరూ కోయని, తూచని మళ్లకు దిగుబడులు పుట్టుకొస్తాయి. తరువాతి సంవత్సరం ఆ క్యూబ్‌ను చదివే విద్యార్థికి అవి కొలిచిన విలువలుగానే కనిపిస్తాయి. అందువల్ల ఇక్కడ ‘డిసేబుల్డ్’ అనే ఎంపిక తప్పనిసరి. జిల్లా స్థాయిలో మాత్రమే లభించే సమాచారం ఉంటే దానికి వేరే క్యూబ్ నిర్మించాలి.

మూడవది ‘కమిట్ సైజ్’. ఎన్ని వరుసలను ఒక జట్టుగా సర్వర్‌కు పంపాలో ఇది నిర్ణయిస్తుంది. జట్టు పెద్దదైతే వేగం పెరుగుతుంది, మెమరీ అవసరమూ పెరుగుతుంది. వేగం కంటే మనకు ముఖ్యమైన అంశం వేరే ఉంది: మధ్యలో విద్యుత్తు గాని నెట్‌వర్క్ గాని ఆగిపోతే అప్పటికే పంపిన జట్లు క్యూబ్‌లో ఉండిపోతాయి. స్థానం మార్చే పద్ధతిలో ప్రక్రియను మొదటి నుంచి మళ్లీ నడిపితే చాలు. కూడే పద్ధతిలో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నిర్ణయించడం దాదాపు అసాధ్యం.

ఈ ప్రశ్నలు ఒక్క పాలోకే పరిమితం కావు. ఎస్‌బేస్‌లో విలువలను చేర్చేటప్పుడు ఉన్నదాని స్థానంలో రాయాలా, కూడాలా, తీసివేయాలా అని ఎంచుకోవాలి. ఐబీఎం టీఎం1లో స్థానం మార్చడానికి సెల్-పుట్-ఎన్, కూడడానికి సెల్-ఇంక్రిమెంట్-ఎన్ అనే వేర్వేరు ఆదేశాలు ఉన్నాయి. పేర్లు మారినా తర్కం మారదు.

రాసిన తరువాత తనిఖీ

ప్రక్రియ ‘విజయవంతం’ అని తెరపై కనిపించినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. నాలుగు తనిఖీలు చేయాలి.

1. మూల షీట్లలోని మొత్తం బరువు, మొత్తం విస్తీర్ణం, మళ్ల సంఖ్యలను క్యూబ్ శిఖర గడులతో పోల్చాలి. మన ఉదాహరణలో ఇవి 72 కిలోలు, 140 చదరపు మీటర్లు, 5 మళ్లు. షీటులోని బరువులను తేమ సవరణ తరువాతే కూడాలి.

2. చదివిన వరుసల సంఖ్య, రాసిన వరుసలు, తిరస్కృత వరుసల మొత్తానికి సరిపోవాలి.

3. అదే ఫైలును రెండోసారి నడిపి శిఖర గడులు మారలేదని నిర్ధారించుకోవాలి.

4. యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొన్ని మళ్ల విలువలను టీ-పాలో-ఇన్‌పుట్-మల్టీ కాంపొనెంట్‌తో తిరిగి చదివి, క్షేత్ర పుస్తకంతో సరిచూడాలి.

క్యూబ్ పరిధి

క్యూబ్ సారాంశాన్ని వేగంగా చూపుతుంది. గణాంక విశ్లేషణకు ప్రత్యామ్నాయం కాదు. మడి దిగుబడుల వర్గాల మొత్తాన్ని ఐదవ కొలతగా చేర్చితే, మళ్ల సంఖ్యతోనూ దిగుబడుల మొత్తంతోనూ కలిపి ఏ స్థాయిలోనైనా విస్తృతిని లెక్కించవచ్చు. కానీ అనేక ప్రదేశాలను కలిపినచోట వచ్చే విస్తృతిలో ప్రదేశాల మధ్య తేడా కూడా కలిసి ఉంటుంది. అది ప్రయోగ దోషం కాదు. రకాల మధ్య తేడా సార్థకమా కాదా అనే నిర్ణయానికి మడి స్థాయి విలువలతో విస్తృతి విశ్లేషణ జరపక తప్పదు. అందుకే మూల షీట్లను క్యూబ్‌లో చేర్చిన తరువాత కూడా భద్రపరచాలి.

క్షేత్రంలో అంచు వరుసలను వదిలి, నికర మడిని కొలిచి, తేమను పరీక్షించి సంపాదించిన విలువ అదే స్వచ్ఛతతో సిఫారసు దాకా చేరాలి. కూడదగిన రాశులనే రాయడం, ఖాళీని ఖాళీగా ఉంచడం, తెలియని పేరును తిరస్కరించడం, పై నుంచి కిందికి పంచకపోవడం, మళ్లీ నడిపినా మారని పద్ధతిని ఎంచుకోవడం: ఈ ఐదు సూత్రాలను కాంపొనెంట్‌ను అమర్చే సాంకేతిక సిబ్బందికి శాస్త్రవేత్తే రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రయోగ ప్రణాళికలో మళ్ల అమరిక పటానికి ఎంత స్థానం ఉందో, ఇకపై ఈ పత్రానికీ అంతే స్థానం ఉండడం సముచితం.